ఐదున్నర గడిలో పెసరట్టు

ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పుకి నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టాల్సిన రోజున పెసరట్టు పెట్టారు, ఉప్మాతో సహా. మా వైపు మనుషులతో వచ్చిన చిక్కే అది. తిట్టి ఉంటే వారం రోజులకి మరిచిపోయేవాణ్ణి. పెట్టారు కాబట్టి, రిటైరై ఏలూరులో ఇంటిపట్టున కూర్చున్నా అది ఇంకా అరగలేదు.

ఇది రోబోల గురించి, కృత్రిమ మేధ గురించి. ఆ మాటలు వినగానే ల్యాబుల్లోకి కొత్తగా వచ్చిన మీలాంటి పిల్లలు కుర్చీ ముందుకు జరుపుకుంటారని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఇందులో తవుడు, వర్జ్యం, ఫిల్టరు కాఫీ కూడా వస్తాయి. నేను శాస్త్రవేత్తని కాను. తాడేపల్లిగూడెం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో వర్క్‌షాపు టెక్నీషియన్ని. పొద్దున్నే ఏలూరులో రైలెక్కడం, దెందులూరు దాటేదాకా నిలబడి, ఆ తర్వాత ఎవరైనా జాలిపడితే కూర్చోవడం. డాక్టరేట్లు ఉన్నవాళ్లు కాగితం మీద గీసినవాటికి మరలు బిగించడం, అవి ఎందుకు తిరగవో వాళ్ల మనసు నొప్పించకుండా చెప్పడం నా పని. మరలు బిగించడం తేలిక.

నా సర్వీసు చివరి ఏడాదిలో మా ప్రొఫెసర్ గారికి చేపల చెరువులో తిరిగే రోబో పడవ చేయాలన్న ఆలోచన వచ్చింది. ఆ పడవ తనంతట తాను చెరువంతా తిరగాలి. కెమెరాతో నీళ్లు చూడాలి. చేపలకి ఆకలిగా ఉందో లేదో తానే తెలుసుకోవాలి. ఆకలిగా ఉంటే మేత విసరాలి, లేకపోతే ఊరుకోవాలి. ఆకలిగా ఉన్న చేపల ఫొటోలు, లేని చేపల ఫొటోలు వేలకొద్దీ చూపిస్తే యంత్రం తేడా పట్టేస్తుందట. ఆ నేర్పే పని మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది. రోజుకి పది మాటలు మాట్లాడేది, పదీ అవసరమైనవే. పడవ కట్టడం, చెరువు దగ్గర మకాం వేసి ఫొటోలు తీయడం నాది.

పడవ అంటే ఏదో ఊహించుకోకండి. మూతులు బిగించిన రెండు లావుపాటి పీవీసీ గొట్టాలు, మీద ఒక పలక, పలక మీద మేత డబ్బా, మేత విసరడానికి పాత ఫ్యాను మోటారు, నిలువుగా ఒక కడ్డీ, దాని చివర కెమెరా. ప్రొఫెసర్ గారు మొదటిసారి చూసి చాలాసేపు చుట్టూ తిరిగి, "తేలుతుందా?" అని మాత్రం అడిగారు. తేలింది. అంతకుమించి దాని అందం గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

చెరువు కలిదిండి దగ్గర ఒక రైతు గారిది. వరి పొలాన్ని చెరువు చేసుకున్నారు. ఆ కుటుంబానికి ఉన్నది ఆ ఒక్క చెరువే. మేం వెళ్లేసరికి అందులో కట్ల, శీలావతి ఏపుగా పెరుగుతున్నాయి, నాలుగు నెలల్లో పట్టుబడి, అంటే చేపలు పట్టి అమ్ముకోవడం. "సైన్సు కోసం కదండీ, వాడుకోండి" అని ఇచ్చేశారు. మా దగ్గర కాగితం మీద సంతకం కూడా తీసుకోలేదు. ఏడాది పంట మొత్తం తెచ్చి మా చేతుల్లో పెట్టారన్నమాట. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను అప్పట్లో మరిచిపోయాను.

ఆ చెరువుకి మేత వేసే ఆయన ఒకరుండేవారు. సొంతూరు కొల్లేటికోట. అరవై ఐదు దాటిన మనిషి, భుజం మీద ఎర్ర తువ్వాలు, చెరువులో తిరగడానికి ఒక థర్మోకోల్ తెప్ప. తవుడు సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కట్టి వచ్చేవారు. చేపలు ఆ చిల్లుల్లోంచి పీక్కుతినేవి. మేమందరం ఆయన్ని మేతాయన అనేవాళ్లం. ఆయన నోట "కాదు" అన్న మాట ఎవరూ విన్నట్టు లేదు. ఏది అడిగినా "ఆయ్" అనేవారు. ఆ ఆయ్‌లోనే అవును, సరే, చిత్తం, మీ ఇష్టం అన్నీ ఉండేవి.

మొదటి రోజున మా పీహెచ్‌డీ అమ్మాయి నోట్‌బుక్కు తీసి అడిగింది.

"చేపకి ఆకలేసిందని మీకెలా తెలుస్తుందండి?"

"కర్ర పట్టుకుంటే తెలిసిపోద్దండి. ఇష్టంగా తింటంటే కర్ర వణుకుద్దండి."

"నీళ్లు చూసి చెప్పొచ్చా?"

"ఆయ్, చెప్పొచ్చండి. కాకపోతే తెల్లారగట్ట రావాలండి. చెరువు మంచీ చెడ్డా అప్పుడే బయటపడుద్ది. ఎండెక్కాక అన్ని చెరువులూ మంచియ్యేనండి."

ఆ మాట విని అమ్మాయి నాకోసం ఒక రిజిస్టరు తయారుచేసింది. రోజుకి ఐదు గడులు. మొదటి గడి ఉదయం ఐదున్నర. తర్వాతది ఎనిమిదిన్నర. అలా సాయంత్రం దాకా. ఏ గడిలో తీసిన ఫొటోలు ఎన్నో అందులో రాయాలి. పడవలో ఉన్న బుల్లి కంప్యూటరుకి కరెంటు తీసేస్తే గడియారం వెనక్కి పోయేది, అందుకని టైముకి నా చేతిరాతే ఆధారం. మొదటి గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఇది చాలా ముఖ్యమండి" అంది. ఆ రోజు కోటాలో మూడు మాటలు దానికే ఖర్చుపెట్టింది.

రైతు గారి మేడ మీద గదిలో నా మకాం. మొదటి రోజు ఐదింటికే లేచాను, ఒట్టు. ప్యాంటు వేసుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని దిగాను. వసారాలో రైతు గారి భార్య ముగ్గు గిన్నెతో ఎదురొచ్చారు.

"ఎక్కడికండీ?"

"చెరువు మీదికమ్మా. ఐదున్నరకి ఫొటోలు తీయాలి."

"కాఫీ నీళ్లు కూడా తాక్కుండానే? మా ఇంట్లోంచి మనిషి ఖాళీ కడుపుతో గేటు దాటాడంటే ఊళ్లో మేం తలెత్తుకోగలమాండీ? కూర్చోండి."

కూర్చున్నాను. పాలు రావాలి. పాలవాడు ఆరింటికి వచ్చాడు. కాఫీ అయింది. "నీళ్లు కాగినయ్యి, చల్లారిపోతాయి" అన్నారు, స్నానం అయింది. స్నానం చేసినవాణ్ణి టిఫిన్ తినకుండా పంపే ఇల్లు మా జిల్లాలో ఇంకా కట్టలేదు. పెసరట్టు, దాని కడుపులో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. రెండు తిని లేవబోతే, "ఒక్కటే తింటారాండీ?" అన్నారు. నేను తిన్నవి లెక్కలోకి రానట్టుంది. మూడోది తిన్నాను. చెరువు గట్టు చేరేసరికి ఎనిమిదీ ఇరవై.

ఎనిమిదిన్నర గడి నింపాను. ఐదున్నర గడి ఖాళీగా ఉండిపోయింది, చుట్టూ ఎర్ర గీతతో.

రెండో రోజు ఇడ్లీ. మూడో రోజు మళ్లీ పెసరట్టు. నాలుగో రోజుకి, నిజం చెప్తున్నాను, నాకు మెలకువ రావడం కూడా మానేసింది. ఖాళీ గడులు వరసగా నోళ్లు తెరుచుకుని నన్ను చూస్తుంటే చిరాకేసింది. నీళ్లు నీళ్లే, చేపలు చేపలే, మూడు గంటల్లో ఏం మారిపోతాయి అనుకున్నాను. ఎనిమిదిన్నరకి రెట్టింపు ఫొటోలు తీసి, అందులో సగం ఐదున్నర గడిలో రాశాను. వెనకటి రోజులకి కూడా అలాగే సర్దేశాను. ఆ తర్వాత నలభై రోజులూ అదే వరస. నీలం సిరా, గుండ్రటి అంకెలు. చూడముచ్చటగా ఉండేది రిజిస్టరు.

ఇక ఏది ఆకలి, ఏది కాదు అని ఫొటోలకి పేర్లు పెట్టే పని. అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని మేతాయన పక్కన కూర్చునేది. "ఇది ఆకలేనాండి?" అంటే "ఆయ్" అనేవారు. అనుమానమొచ్చి, అదే ఫొటో మళ్లీ పెట్టి "ఆకలి లేదాండి?" అనేది. దానికీ "ఆయ్". ఆడపిల్ల, చదువుకున్న పిల్ల, ఊరు కాని ఊరు వచ్చి కష్టపడి అడుగుతుంటే ఎదురు చెప్పడం ఆయనకి చేతకాదు. ఒక వారం పోరాడి ఆ అమ్మాయి ఓడిపోయింది. చివరికి తనే ఒక నియమం పెట్టుకుంది: చేపల నోళ్లు నీటి మీదికి వస్తే ఆకలి, రాకపోతే లేదు. ఎండెక్కాక తీసిన ఫొటోలకి ఆ నియమం సరిగ్గా సరిపోయింది. మేతాయనకి వినిపిస్తే, "బాగుందండి" అన్నారు. యంత్రం అదే నేర్చుకుంది.

యంత్రం మాత్రం చురుకైనది. పగటిపూట ఎన్నిసార్లు వదిలినా తప్పు చేయలేదు. కర్రల దగ్గర చేపలు మూగుతాయని తనే పసిగట్టి, కర్ర కనిపిస్తే చాలు నెమ్మదిగా దాని దగ్గరికి పోయి చూసేది. అడ్డంగా ఎవరైనా కదిలితే పక్కకి తప్పుకునేది. ఆ తప్పుకునే సెన్సార్లు నేను బిగించినవే, అందుకని దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకుంటాను. మేతాయన దాన్ని "ఆయన" అనేవారు. కాలేజీ నుంచి వచ్చింది కదా మరి. "ఆయన ఇవాళ తూరుపు గట్టునే ఉండిపోయారండి" అని నాకు కబురు చెప్పేవారు. తన తెప్పకి అది ఎదురొస్తే తెప్ప ఆపి దారిచ్చేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఇది కుదిరితే మీ పని పోతుందేమోనండి. మీకు బాధనిపించదా?"

ఆయన కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "ఆయనకీ ఏదో ఒక పని ఉండాలి కదండీ" అన్నారు.

ప్రాజెక్టుని ఇంకో రెండేళ్లు పొడిగించాలా వద్దా అని తేల్చడానికి ఒక పెద్ద అధికారి వస్తారని కబురు వచ్చింది. ప్రదర్శన ఏర్పాటు చేయాలి. రైతు గారు పంచాంగం చూపించి, ఆ రోజు ఉదయం ఐదూ నలభై రెండుకి దివ్యమైన ముహూర్తం ఉందనీ, ఏడు దాటితే మధ్యాహ్నం దాకా వర్జ్యమూ దుర్ముహూర్తమూ కలిసి ఉన్నాయనీ అన్నారు. మా ప్రొఫెసర్ గారు సంభావ్యత సిద్ధాంతం మీద పుస్తకం రాసిన మనిషి. అర నిమిషం ఆలోచించి, "పోనీ రిస్కు ఎందుకు?" అన్నారు. ఆ వేళకి మేత వేయొచ్చా అని మేతాయనని మర్యాదకి అడిగారు.

"అప్పుడాండీ?" అన్నారాయన. ఒక క్షణం ఆగి, "ఆయ్, తమ ఇష్టం" అన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ 'అప్పుడాండీ'లో ఒక పెద్ద గ్రంథమే ఉంది. ఆ రోజు మాకు ఎవరికీ చదవడం రాలేదు.

ప్రదర్శనకి ముందు రెండు రోజులు ముసురు పట్టింది. ఎండ మొహం చూపించలేదు, ఆకు కదల్లేదు. చెరువులో గాలి కలపడానికి రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటాయి. వాటి నురగ కెమెరాకి అడ్డమని, ఆ రోజు తెల్లవారకముందే వాటిని నేను ఆపించాను. రిమోటుతో నడుపుతున్నారని అధికారి అనుకోకూడదని, ప్రొఫెసర్ గారు రిమోటు తీయించేశారు. యంత్రం ఎంత మేతైనా విసరగలదని చూపించాలని, నేను డబ్బా అంచుదాకా నింపాను. చూశారా, ఒక్కొక్కరం ఎంత శ్రద్ధగా పని చేశామో.

గట్టు మీద షామియానా, కుర్చీలు, వాటినిండా రైతు గారి చుట్టాలు. పడవకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. చక్రాలుంటే కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లు, లేవు కాబట్టి రైతు గారు కెమెరా కడ్డీకి నిమ్మకాయ వేలాడదీశారు. యంత్రానికి సగం చెరువు నిమ్మకాయలా కనిపిస్తోందని అమ్మాయి చడీచప్పుడు లేకుండా దాన్ని కిందికి జరిపింది. ఐదూ నలభై రెండుకి పడవ వదిలాం.

పది గజాలు పోయిందో లేదో, చెరువు చెరువంతా నోళ్లు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, వేల నోళ్లు నీటి మీద తెరుచుకుని మూసుకుంటున్నాయి. అధికారి గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. "అద్భుతం! పడవని చూడగానే పిల్లల్లా వచ్చేశాయే!" ప్రొఫెసర్ గారి మొహం వెలిగిపోయింది. రైతు గారు పట్టు పంచె సర్దుకుంటూ చుట్టాలందరి వంకా చూశారు. అందరూ చప్పట్లు. పడవ ఆనందంగా మేత విసరడం మొదలుపెట్టింది. ఎన్ని నోళ్లు కనిపిస్తే అంత విసరమని కదా మేం నేర్పింది.

చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరే. మా అమ్మాయి స్క్రీను వైపు నొసలు చిట్లించి చూస్తోంది. మేతాయన తువ్వాలుని రెండు చేతులతో మెలిపెడుతున్నారు.

"చేపలు బాగా వచ్చాయి కదండీ?" అన్నాను, పక్కకి వెళ్లి.

"ఆయ్. వచ్చాయండి."

"మరి అలా ఉన్నారేం?"

"మేత అలాగే తేలతందండి, మేష్టారూ."

చూశాను. నిజమే. గుళికలు నీటి మీద వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్క నోరూ వాటిని అందుకోవడం లేదు.

"నోళ్లు తెరిచాయి కదండీ?"

"తెరిచాయండి. గాలి కోసమండి" అన్నారాయన, చాలా మెల్లగా. "పెద్దలంతా సంతోషంగా ఉన్నారు కదా అనీ..."

అప్పుడు తట్టింది నాకు. ముసురు పట్టిన రోజున తెల్లవారేసరికి చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్లు కొట్టుకుంటాయి. అది పొద్దెక్కాక ఏ గట్టు మీదా కనిపించదు. తెల్లారగట్ట వచ్చినవాడికే కనిపిస్తుంది. ఆ మాట ఆయన మొదటి రోజే చెప్పారు. యంత్రానికి ఆ తేడా తెలియదు, ఎందుకంటే అది పుట్టి బుద్ధెరిగి తెల్లవారుజాము చూడలేదు. దాని ఐదున్నర గడి నిండా ఎనిమిదిన్నరే ఉంది. నా పెసరట్లు ఉన్నాయి. ఏరేటర్లు ఆపించిందీ నేనే.

"ఆపమ్మా!" అని అరిచాను.

"ఆగదండీ. రిమోటు లేదు. డబ్బా ఖాళీ అయితేనే ఆగుతుంది" అంది అమ్మాయి. డబ్బా అంచుదాకా నింపిన మహానుభావుడెవరో ఆ క్షణాన నాకు గుర్తు చేయనక్కర్లేదు. ఊపిరాడని నీళ్లలో మేత కుళ్లితే ఉన్న గాలి కూడా పోతుంది.

రైతు గారికి విషయం అర్థమైంది. పట్టు పంచె ఎగ్గట్టి ఏరేటర్ల మోటారు షెడ్డు వైపు పరుగెత్తారు. మేతాయన అధికారి గారి ముందుకెళ్లి, చేతులు జోడించి, "ఒక్క నిమిషమండి" అని సెలవు తీసుకుని చెరువులోకి దిగారు.

ఛాతీ లోతు నీళ్లు. ఆయన పడవ వైపు నడిస్తే పడవ పక్కకి తప్పుకుంది. ఈయన అటు తిరిగారు, అది ఇటు తిరిగింది. నేను బిగించిన సెన్సార్లు అన్నాళ్లలో అంత చక్కగా ఎప్పుడూ పనిచేయలేదు. "ఏవండీ, ఒక్కసారి ఆగండి" అంటూ ఆయన వెనకాల, మేత విసురుతూ అది ముందర. గట్టు మీద చుట్టాల్లో ఎవరో ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

మేతాయన నిలబడిపోయారు. కాసేపు ఆలోచించారు. ఆ తర్వాత నెమ్మదిగా ఒక కర్ర దగ్గరికి వెళ్లి, దాన్ని ఆనుకుని, కదలకుండా, తానూ ఇంకో కర్రలాగా నించున్నారు. నలభై రోజులు ఆ పడవ వాలకం చూసిన మనిషి కదా. అర నిమిషంలో పడవ తనంతట తానే తిరిగి ఆ కర్ర దగ్గరికి వచ్చింది. ఆయన గొట్టం మీద చెయ్యి వేశారు. "చాలండి. ఇంక చాలండి. ఏమనుకోకండేం" అంటూ భుజం మీది తువ్వాలు తీసి కెమెరా చుట్టూ కట్టేశారు.

నోళ్లు కనిపించడం మానేశాయి. పడవ మేత విసరడం ఆపేసింది.

గట్టు మీద రెండున్నర డాక్టరేట్లు ఉన్నాయి, అధికారి గారిదీ, అమ్మాయి సగమూ కలిపి. మాకెవరికీ తట్టలేదు, అది చూడబట్టి విసురుతోంది, కళ్లు మూస్తే ఆగుతుందని.

ఏరేటర్లు తిరిగాయి. కాలవ నీళ్లు తోడే ఇంజను వేశారు. మేతాయన, నేను, అమ్మాయి, చివరికి ప్రొఫెసర్ గారు కూడా గాలి కలిసేలా కర్రలతో నీళ్లు బాదాం. నా జీవితంలో దేవుడికి అంత గట్టిగా ఎప్పుడూ మొక్కుకోలేదు. ఏడు దాటాక, వర్జ్యం మొదలయ్యాక, నోళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగాయి. పడమటి మూల ఒక తట్టెడు చేపలు మాత్రం తెల్లగా పొట్టలు పైకి పెట్టుకుని మిగిలిపోయాయి. రైతు గారు వాటి పక్కన చాలాసేపు గొంతుక్కూర్చున్నారు. లేచి, "పోనీలెండి. మిగతాయి దిగినయ్యి" అన్నారు. నాకు ఆయన మొహంలోకి చూడ్డానికి సిగ్గేసింది.

ప్రొఫెసర్ గారు గట్టు మీదే ఎవరిది తప్పని మొదలుపెట్టబోయారు. ఇంటి దగ్గర్నించి రైతు గారి భార్య స్వయంగా వచ్చేశారు. "ముందు టిఫిన్లు కానివ్వండి. కడుపులో పడ్డాక నింపాదిగా దెబ్బలాడుకోవచ్చు."

అలా మా విచారణ వసారాలో, అరిటాకుల ముందు జరిగింది.

అమ్మాయి తినలేదు. రిజిస్టరు తెరిచి పెట్టుకుంది. "ఐదున్నరవి వందల ఫొటోలు ఉన్నాయి సార్. తెల్లవారుజాము నీళ్లు ఎలా ఉంటాయో దానికి తెలిసే ఉండాలి. తెలియలేదంటే నేను నేర్పిన పద్ధతిలోనే లోపముంది. ఇన్నాళ్ల పని. మొదటినుంచీ చేస్తాను." ఆ అమ్మాయి అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కళ్లలో నీళ్లు ఆపుకోవడానికి అరిటాకు వైపు చూస్తోంది.

ప్రొఫెసర్ గారు అడ్డప్రశ్నలు తెలిసిన మనిషి. వసారా మెట్టు మీద తడి బట్టలతో కూర్చున్న మేతాయన వైపు తిరిగారు. "మా టెక్నీషియన్ గారు రోజూ తెల్లవారుజామునే వచ్చేవారాండీ?"

మేతాయన నా వంక చూశారు. నలభై రోజులు ఆ గట్టు మీద తెల్లారగట్ట ఒంటరిగా ఉన్న మనిషి ఆయన. నేను రాలేదని ఈ భూమ్మీద ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఆయ్. వచ్చేవారండి. రోజూ వచ్చేవారు."

నేను నోరు మూసుకుని పెసరట్టు నమిలి ఉంటే అది అక్కడితో సరి. ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. అబద్ధమాడింది ఒక మర్యాదస్తుడు, నా కోసం. ఏడుస్తున్నది ఒక పిల్ల, నా వల్ల. పెసరట్టు గొంతు దిగలేదు. అన్నేళ్లలో మొదటిసారి.

"రాలేదండి," అన్నాను. "ఒక్క రోజు కూడా రాలేదు. ఐదున్నర గడిలో ఉన్నవన్నీ ఎనిమిదిన్నరవే. అమ్మాయి పద్ధతిలో ఏ లోపమూ లేదు. లోపం నేను."

అధికారి గారు చట్నీ వేలు గాలిలో ఆపేశారు. మొదట నోరు విప్పింది రైతు గారి భార్య.

"అయితే ఇదంతా మా పెసరట్టు వల్లనంటారాండీ?"

"కాదమ్మా..."

"కాదనకండి. నేనే కదా కదలనివ్వలేదు." ఆవిడ పెనం వైపు నడిచారు. అంత బాధలోనూ నా ఆకులో ఇంకోటి వేసే వెళ్లారు.

రైతు గారు మాత్రం, "ఒక్క మాట చెప్పాల్సిందండి, మేష్టారూ" అన్నారు. అంతే. అరిచి ఉంటే బాగుండేది.

అధికారి గారు ప్రాజెక్టుని ఆరు నెలలకే పొడిగించారు. "యంత్రం సంగతి సరే, ఆ తువ్వాలు కట్టినాయన్ని సిబ్బందిలోకి తీసుకోండి" అని కాగితం మీద రాయించి మరీ వెళ్లారు. ప్రొఫెసర్ గారు నన్ను పక్కకి పిలిచి, ఇంక రిజిస్టరు ఎవరు రాస్తారని అడిగారు. నేనే రాస్తానన్నాను. నా ఉద్యోగంలో నేను అడిగి తీసుకున్న పని అదొక్కటే. ఇప్పుడు ఆ పడవ తెల్లవారుజామున మేత జోలికి పోదు. చెరువంతా ఒకసారి తిరిగి చూసి, నోళ్ల తీరు తేడాగా ఉంటే మేతాయన ఫోనుకి ఫోను చేస్తుంది. రికార్డు చేసిన మాట వినబడుతుంది. ఆయన దానికి కూడా జవాబిస్తారు. "ఆయ్, వస్తన్నానండి" అని. యంత్రమని ఎన్నిసార్లు చెప్పినా పెట్టేసి ఊరుకోరు. పిలిచినవాళ్లకి బదులివ్వకపోతే ఏం బాగుంటుందని ఆయన బాధ.

ఆ ప్రదర్శన తర్వాతి రోజు నేను నాలుగూ ముప్పావుకి మెట్లు దిగాను. చీకట్లో వసారా లైటు వెలుగుతోంది. రైతు గారి భార్య కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. "నిన్నటి పాలే దాచాను. నించునే తాగెయ్యండి" అన్నారు. నించునే తాగి పరుగెత్తాను. వెనక నుంచి, "టిఫిన్ గట్టు మీదికే పంపిస్తానండీ!" అన్న కేక వినబడింది.

మేతాయన తెప్ప కడుతూ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కనీసం పోయినట్టు కనబడనివ్వలేదు. చెరువు మీద పొగమంచు. అక్కడక్కడా నోళ్లు తేలుతున్నాయి. ఫొటో తీశాను. తెర ఆయన ముందు పెట్టాను.

"ఇది ఆకలేనాండి?"

ఆయన తెర చూశారు. నీళ్లు చూశారు. తువ్వాలు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు. ఏదో అనడానికి నోరు తెరిచి మూశారు. నేను ఊరుకున్నాను. అడిగి ఊరుకోవడం నాకు అప్పటిదాకా తెలియని విద్య.

"కాదండి," అన్నారాయన చివరికి. అని, వెంటనే నొచ్చుకుని, "ఏమనుకోకండేం" అన్నారు.

నేను రిజిస్టరు తెరిచి ఎర్ర గీత ఉన్న గడిలో రాశాను: ఐదూ ముప్పై నాలుగు, ఆకలి కాదు. అంకెలు వంకరగా వచ్చాయి.